అక్రా దారిలో ఓపెన్‌టాప్ కారు

1961 నవంబర్ 4, శనివారం. ఘనా రాజధాని అక్రా అతిథి కోసం ముస్తాబవుతోంది. ఇంకో ఐదు రోజుల్లో బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ అక్కడ విమానం దిగాలి. ఆమె ఏ దారిన వెళ్తుంది, ఏ వేదిక మీద కూర్చుంటుంది, పక్కన ఎవరు నిలబడతారు, అన్నీ ఖరారైపోయాయి.

ఆ రోజు నగరంలో బాంబు పేలింది. పేలింది పార్లమెంటు భవనం ముందున్న కంచు విగ్రహం దగ్గర. ఆ విగ్రహం ఎప్పుడో కాలం చేసిన మహానుభావుడిది కాదు, గద్దె మీదున్న దేశాధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమాది. ఆయన ఏలుబడిలోనే, పార్లమెంటు ఎదుట నిలబెట్టారు దాన్ని.

విగ్రహం దెబ్బతింది. కబురు లండన్ చేరింది. విగ్రహానికి బాంబు పెట్టినవాళ్లు రేపు మనిషికి పెట్టరని ఏమిటి నమ్మకం? గురువారం నుంచి ఆ మనిషి పక్కనే, అదే ఓపెన్‌టాప్ కారులో, రాణి కూర్చోవాలి. ఆమెకు ముప్ఫై ఐదేళ్లు. ముగ్గురు పిల్లల తల్లి. చివరివాడికి ఇంకా రెండేళ్లు నిండలేదు.

వెళ్లాలా? వద్దా? ఆ నాలుగు రోజులూ బ్రిటిష్ రాజకీయమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

ఒకసారి ఆగిన ప్రయాణం

ఘనా 1957 మార్చి 6న బ్రిటిష్ పాలన నుంచి విడివడింది. రెండేళ్లకే, 1959లో, రాణి అక్కడికి వెళ్లాల్సింది. ఆమె గర్భవతి కావడంతో ప్రయాణం వాయిదా పడింది. ఎన్‌క్రుమా నొచ్చుకోకుండా ఆయన్ని స్కాట్లాండులోని తన బాల్మోరల్ కోటకు పిలిపించి, తన సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్‌లో సభ్యత్వం ఇచ్చి గౌరవించింది. వస్తానని మాట ఇచ్చింది.

1960 జులై 1న ఘనా గణతంత్రమైంది. అంటే ఆమె ఇక ఘనాకు రాణి కాదు. వెళ్తే అతిథిగా, కామన్వెల్త్ అధిపతిగా వెళ్లాలి. ఈ ఘనా ప్రయాణానికి కొన్ని నెలల ముందే, 1961 జనవరి 26న, ఢిల్లీలో మన రిపబ్లిక్ డే కవాతుకు అలాగే అతిథిగా వచ్చింది. మద్రాసు దాకా వచ్చి వెళ్లింది. ఒకనాడు తన తాత ముత్తాతలు ఏలిన నేలల మీద అతిథిగా అడుగుపెట్టడం ఆ ఏడాది ఆమెకు అలవాటవుతూ ఉంది.

కానీ ఘనాలో రోజులు బాగాలేవు. 1961 బడ్జెట్ జీతాల్లోంచి నిర్బంధ పొదుపు కోత పెట్టింది. సెప్టెంబరులో సెకొండి-టకొరాడిలో రైల్వే కార్మికులు, రేవు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమయంలో ఎన్‌క్రుమా దేశంలో లేడు. సోవియట్ యూనియన్, తూర్పు ఐరోపా, చైనా తిరిగి, బెల్‌గ్రేడ్‌లో అలీనదేశాల తొలి శిఖరాగ్ర సభలో నెహ్రూ, నాసర్, టిటోల సరసన కూర్చుని తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే తన సైన్యానికి అధిపతిగా ఉన్న బ్రిటిష్ మేజర్ జనరల్ హెన్రీ అలెగ్జాండర్‌ను తప్పించాడు. అక్టోబరు మొదట్లో యాభై మంది దాకా ప్రత్యర్థుల్ని పట్టి జైల్లో వేశాడు.

వాళ్లలో జె.బి. డాన్‌క్వా ఉన్నాడు. ఈయన ఎవరో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. డాన్‌క్వా పేరున్న న్యాయవాది. గోల్డ్‌కోస్ట్ అనే వలస పేరు పోయి ఘనా అనే పేరు రావడం వెనక ఆయన కృషి ఉంది. విదేశంలో ఉన్న ఎన్‌క్రుమాను 1947లో పార్టీ పని మీద స్వదేశానికి రప్పించిన బృందంలో ఆయన ముఖ్యుడు. 1948లో బ్రిటిష్‌వాళ్లు ఇద్దర్నీ ఒకేసారి నిర్బంధించారు. 1960 అధ్యక్ష ఎన్నికల్లో డాన్‌క్వా ఎన్‌క్రుమా మీద నిలబడి ఓడిపోయాడు. ఏడాదిన్నర తిరక్కుండానే జైలుకు వెళ్లాడు. విచారణ లేదు, శిక్ష లేదు. 1958లో చేసిన ముందస్తు నిర్బంధ చట్టం కింద మనిషిని ఐదేళ్లు అలా లోపల ఉంచొచ్చు.

ఎన్‌క్రుమా 1951లో బ్రిటిష్ జైల్లోంచి బయటికొచ్చి ప్రభుత్వం నడిపినవాడు. జైలు గోడ లోపలివైపు నుంచి ఎలా ఉంటుందో తెలిసినవాడు. అందుకే ఈ అరెస్టులు ఆయన్ని అభిమానించినవాళ్లను కూడా కలచివేశాయి.

కామన్స్ సభలో రెండు గొంతులు

ప్రధాని హెరాల్డ్ మెక్‌మిలన్ సొంత కన్జర్వేటివ్ పార్టీలోనే ఎదురుగాలి లేచింది. సభ్యులు చాలామంది ప్రయాణం మానిపించమన్నారు. వాళ్లవి రెండు వాదనలు. మొదటిది ప్రాణభయం. ఘనా సైన్యం పగ్గాలు బ్రిటిష్ అధికారుల చేతుల్లోంచి జారిపోయాయి. ఎన్‌క్రుమాకు గురిపెట్టిన తూటా పక్కనున్న రాణికి తగలదని ఎవరు హామీ ఇస్తారు? రెండోది నీతి. ప్రత్యర్థుల్ని విచారణ లేకుండా మూసిన పాలకుడి పక్కన రాణి చిరునవ్వుతో నిలబడితే, ఆ పనికి ముద్ర వేసినట్టే కదా!

విన్‌స్టన్ చర్చిల్‌కు అప్పటికి ఎనభై ఆరేళ్లు. ఆయన కూడా కలం తీసి, ఈ ప్రయాణం మంచిది కాదని మెక్‌మిలన్‌కు ఉత్తరం రాశాడు. బాంబు పేలకముందే, అక్టోబరులోనే రాశాడు. దాన్ని పక్కన పెట్టేయడం ఏ కన్జర్వేటివ్ ప్రధానికైనా తేలిక కాదు.

మెక్‌మిలన్ లెక్క వేరు. అదే ఏడాది మే నెలాఖరున దక్షిణాఫ్రికా కామన్వెల్త్ వదిలిపోయింది. ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. ఈ పరిస్థితిలో రాణి ప్రయాణం రద్దు చేస్తే ఎన్‌క్రుమాకు తల కొట్టేసినట్టవుతుంది. ఘనా కామన్వెల్త్ నుంచి వెళ్లిపోతుంది, మాస్కోకు దగ్గరవుతుంది. ఇదంతా చూస్తున్నవాళ్లు ఆఫ్రికాలో ఇంకెందరో ఉన్నారు. సభ తనను కాదంటే రాజీనామాకైనా ఆయన సిద్ధపడ్డాడు.

ఇక రాణి. ఆమె మనసు మెక్‌మిలన్ రాసుకున్న మాటల్లోంచి మనకు తెలుసు. వెనకాడే ఆలోచనే ఆమెకు నచ్చలేదు. తాను భయపడి ఆగిపోయి, తర్వాత సోవియట్ నేత క్రుశ్చేవ్ వెళ్లి అక్కడ జేజేలు అందుకుంటే తానెంత చులకనవుతానని అంది. తన కోసం జనం ఇంత హడావిడి పడటం, తనను గాజుబొమ్మలా చూడటం ఆమెకు గిట్టలేదు.

ఆమె ధైర్యాన్ని నేను తక్కువ చేయను. పాలపళ్ల పిల్లాణ్ని ఇంట్లో వదిలి, బాంబు పేలిన ఊరికి వెళ్తాననడం మాటలు కాదు.

ముందుగా ఎక్కినవాడు

బాంబు పేలిన వెంటనే మెక్‌మిలన్ తన కామన్వెల్త్ సంబంధాల మంత్రి డంకన్ శాండ్స్‌ను అక్రాకు పంపాడు. శాండ్స్ చర్చిల్‌కు ఒకప్పటి అల్లుడు. మామ వద్దన్న ప్రయాణానికి దారి చూసి రావాల్సిన పని అల్లుడి మీద పడింది.

పోలీసు నివేదికలు చదివితే తేలే సంగతి కాదని శాండ్స్‌కు అర్థమైంది. రాణి ఊరేగే దారిలో, ఆమె కూర్చునే తీరులోనే, తనతో కలిసి ఓపెన్‌టాప్ కారులో తిరగమని ఎన్‌క్రుమాను అడిగాడు. ఎన్‌క్రుమా ఒప్పుకున్నాడు.

ఆ దృశ్యం ఒకసారి ఊహించండి. పైకప్పు లేని కారు. వెనక సీట్లో ఇద్దరు. ఒకరు కొద్ది రోజుల కిందట సొంత విగ్రహం కింద బాంబు పేలిన దేశాధ్యక్షుడు. ఇంకొకరు ఆయన పక్కన కావాలని కూర్చున్న పరాయి దేశపు మంత్రి. దారి పొడవునా మనుషులు. ఆ గుంపులో ఏ చెయ్యి ఊపడానికి లేస్తోందో, ఏ చెయ్యి విసరడానికి లేస్తోందో క్షణంలో పోల్చుకోవడం ఎవరి తరం? శాండ్స్ కారు ఎక్కింది ఆ సంగతి తెలిసే. ఎన్‌క్రుమా ఎక్కింది కూడా తెలిసే.

కారు దారంతా తిరిగి వచ్చింది. ఏమీ జరగలేదు.

శాండ్స్ లండన్ వచ్చి చూసింది చెప్పాడు. నవంబర్ 8, బుధవారం, మెక్‌మిలన్ కామన్స్ సభలో లేచి ప్రయాణం ఆగదని ప్రకటించాడు. మర్నాడు రాణి అక్రాలో దిగింది.

పన్నెండు రోజులు

అక్రా వీధుల్లో జనం విరగబడి వచ్చారు. కుమాసిలో అశాంటి రాజు, ఉత్తరాన టమాలేలో అక్కడి దొరలు ఆమె కోసం దర్బార్ నిర్వహించారు. అవును, అక్కడా ఆ కొలువును దర్బార్ అనే అంటారు. మన నేల మీద నేర్చుకున్న ఆ మాటను బ్రిటిష్‌వాళ్లే ఆఫ్రికాకు మోసుకెళ్లారు. రంగురంగుల పెద్ద గొడుగుల కింద దొరలు, డప్పుల హోరు, జలతారు బట్టల మెరుపు. వాటి మధ్య నడిచింది రాణి. నవంబర్ 14న పెద్దకొడుకు చార్లెస్‌కు పదమూడేళ్లు నిండాయి. ఆ రోజు కూడా ఆమె ఘనాలోనే ఉంది.

18వ తేదీ రాత్రి వీడ్కోలు విందులో ఎన్‌క్రుమా ఆమెతో కలిసి నాట్యం చేశాడు. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. నలుపు తెలుపు మనుషులు ఒక బల్ల మీద కూర్చోకూడదని దక్షిణాఫ్రికా చట్టాలు చేసి నడుపుతున్న కాలం అది. అప్పుడు ఒక నల్ల దేశాధ్యక్షుడు, ఒక తెల్ల రాణి చెయ్యీ చెయ్యీ కలిపి అడుగులు వేశారు. వందల ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ ఒక్క ఫొటో చెప్పింది.

నవంబర్ 20న ఆమె క్షేమంగా ఘనా వదిలింది. మెక్‌మిలన్ వెంటనే అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఫోన్ చేశాడు. వోల్టా నది మీద అకొసొంబో ఆనకట్టకు అమెరికా డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది అప్పటికింకా తేలలేదు. నేను నా రాణిని పందెం పెట్టాను, మీరు మీ డబ్బు పెట్టండి అన్నది ఆయన మాటల సారం. డిసెంబరులో అమెరికా సరేనంది. 1966 జనవరిలో ఎన్‌క్రుమా ఆ ఆనకట్టను ప్రారంభించాడు. ఒక బెదిరింపు, ఒక ప్రయాణం, ఒక ఫోను, చివరికి ఒక పెద్ద జలాశయం. రాజకీయం గెలిచింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ బాంబు వచ్చింది

కామన్స్ సభ భయపడ్డ బాంబు నిజంగానే వచ్చింది. తొమ్మిది నెలల తర్వాత.

1962 ఆగస్టు 1. ఎన్‌క్రుమా పొరుగునున్న అప్పర్ వోల్టా దేశం వెళ్లి, దాని అధ్యక్షుడు యమెయోగోను కలిసి తిరిగొస్తున్నాడు. సరిహద్దు ఊరు కులుంగుగు. దారి పక్కన బడిపిల్లలు బారులు తీరి ఉన్నారు. పూలగుత్తి అందుకోవడానికి ఆయన కారు దిగాడు. బాంబు పేలింది. ఎన్‌క్రుమా గాయాలతో బతికాడు. అక్కడ నిలబడ్డవాళ్లలో ప్రాణాలు పోయినవాళ్లున్నారు. పిల్లలు గాయపడ్డారు.

ఆ ఊరి కోసం లండన్‌లో నాలుగు రోజుల వాదన జరగలేదు. ఆ దారి భద్రమేనా అని ముందుగా కారెక్కి చూసినవాళ్లు లేరు.

డాన్‌క్వా సంగతి కూడా చెప్పాలి. రాణి నాట్యం చేసిన రాత్రి ఆయన జైల్లోనే ఉన్నాడు. 1962లో విడిచిపెట్టారు. 1964లో మళ్లీ పట్టుకున్నారు. 1965 ఫిబ్రవరి 4న న్సావం జైల్లో, విచారణ అన్నది లేకుండానే, కన్నుమూశాడు. ఏడాది తిరిగాక, 1966 ఫిబ్రవరి 24న, ఎన్‌క్రుమా దేశంలో లేని సమయంలో సైన్యం గద్దె లాక్కుంది. పార్లమెంటు ముందున్న విగ్రహాన్ని ఈసారి జనమే కూలదోశారు.

రాణి వెళ్లడమే మంచిదైందని నేను నమ్ముతాను. బెదిరింపుకు తలవంచి ఉంటే బాంబు పెట్టినవాడి మాటే చెల్లేది. నా మనసు నిలవనిది వేరే చోట. ఆ నాలుగు రోజుల వాదనలో రాణి ప్రాణం ఉంది, ఎన్‌క్రుమా పరువు ఉంది, కామన్వెల్త్ ఉంది, మాస్కో ఉంది. డాన్‌క్వా పేరు వచ్చినప్పుడు కూడా రాణిని ఆపడానికి ఒక కారణంగానే వచ్చింది. ఆయన్ని విడిపించాలన్నది ప్రయాణానికి షరతు కాలేదు. రాణి వెళ్లాక ఆ జైలు ఏమవుతుంది, ఆ దారుల్లో రోజూ నడిచేవాళ్లు ఏమవుతారు అన్నది ఎవరికీ పట్టలేదు. అతిథి గండం పన్నెండు రోజుల్లో గడిచిపోయింది. ఇంటివాళ్ల గండం అలాగే మిగిలింది.

మనం కూడా ఏ మంత్రిగారో వస్తున్నారంటే బడి మానేసి, రోడ్డు వారన సున్నం గీత వెనక, ఎండలో కాగితం జెండాలు పట్టుకుని నిలబడ్డవాళ్లమే. కారు ఎప్పుడొస్తుందా అని మెడలు సాచి చూడటం, చెమటకు జెండా రంగు చేతికి అంటుకోవడం మనకు గుర్తే. కులుంగుగు దారి పక్కన ఆ రోజు అలాంటి పిల్లలే ఉన్నారు. వాళ్ల చేతుల్లో పూలున్నాయి.