కుక్ ఇన్‌లెట్‌లో వేసవి గాలపు వేట

అలాస్కా దక్షిణ తీరం నుంచి ఆంకరేజ్ నగరం దాకా దాదాపు 290 కిలోమీటర్లు నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ కుక్ ఇన్‌లెట్. 1778లో నావికుడు జేమ్స్ కుక్ ఇక్కడికి ఓడ నడిపాడు. వేసవి నెలల్లో ఈ పాయలోనూ, ఇందులో కలిసే కెనై వంటి నదుల్లోనూ సరదాకీ, ఇంటి కూరకీ గాలం వేయడానికి జనం తరలివస్తారు. ఎవరు ఎన్ని పట్టవచ్చో చెప్పే నిబంధనల పుస్తకం ఏటా వెలువడుతుంది. సీజను నడుస్తుండగానే ఆ అంకెలు మారిపోతుంటాయి కూడా. ఆ మార్పు వెనక ఉన్నది చేపల లెక్క.

పోటు, పాటు

జూన్ మూడో వారంలో ఆంకరేజ్‌లో పగలు 19 గంటలు. వెలుతురుకు కొదవ లేదు గనక వేటకు వేళ కుదిర్చేది సముద్రమే. ఆంకరేజ్ దగ్గర పోటుకీ పాటుకీ నీటిమట్టంలో తేడా కొన్ని రోజుల్లో 10 మీటర్లు మించుతుంది. పాటు వేళ బయటపడే బూడిదరంగు బురద హిమానీనదాలు నూరి తెచ్చిన మెత్తటి ఒండ్రు. పైకి గట్టిగా కనిపిస్తుంది, కాలు దిగబడితే బిగిసిపోతుంది. ఈలోగా పోటు తిరిగి వచ్చేస్తుంది. దాని మీద అసలు నడవకూడదు. దక్షిణాన యాంకర్ పాయింట్, డీప్ క్రీక్ తీరాల్లో పడవలను ట్రాక్టర్లతో తోసి నేరుగా అలల్లోకి దింపుతారు.

ఇక్కడి సముద్రపు వేటలో పెద్ద చేప హాలిబట్. నాలుక చేపలా బల్లపరుపుగా ఉండి, అడుగున పడుకుంటుంది. పిల్లగా ఉన్నప్పుడు తలకు రెండు వైపులా ఉండే కళ్లలో ఎడమది క్రమంగా కుడివైపుకు జరిగి చేరుతుంది. ఎర అడుగున నిలవాలి గనక, పోటు పాటుగా మారేటప్పుడు నీరు కాసేపు నిలిచే సమయం కోసం కాచుకుంటారు. ప్రవాహం ఉరవడిగా ఉంటే బరువైన సీసపు గుండు కూడా కొట్టుకుపోతుంది. సొంతంగా వేటాడేవారు రోజుకు రెండు హాలిబట్లు ఉంచుకోవచ్చు, సైజు పట్టింపు లేదు. అద్దె పడవలో గైడుతో వెళ్లేవారికి నియమాలు ఇంతకంటే బిగువు, అవి ఏటా మారతాయి. పడవ మీద చేపను ఇష్టమొచ్చినట్టు ముక్కలు చేయకూడదు, ముక్కలకు తోలు ఉండాలి. తనిఖీకి వచ్చినవారు ముక్కలను బట్టి చేపలను లెక్కపెట్టగలగాలి కదా. హాలిబట్‌ను సంరక్షించే కమిషన్‌ను అమెరికా, కెనడా 1923 ఒప్పందంతో ఏర్పరచుకున్నాయి.

సాల్మన్ లెక్క

పులస గోదావరికి ఎదురీదినట్టే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం విడిచి నదులెక్కుతుంది. పులస మళ్లీ సముద్రానికి దిగిపోగలదు. ఈ సాల్మన్ గుడ్లు పెట్టాక చనిపోతుంది. అందుకే నదిలోకి వచ్చిన ప్రతి చేపకూ ఆ ఒక్క ప్రయాణమే. కింగ్, సాకై, సిల్వర్, పింక్, చమ్ అని ఐదు జాతులు. కెనైలో పింక్ సరిసంఖ్య సంవత్సరాల్లో విరివిగా వస్తుంది. జులైలో ముంచెత్తేది సాకై. సముద్రంలో సన్నటి జీవులను వడకట్టుకుని తినే ఈ చేప నదిలో ఎరను అంతగా పట్టించుకోదు. గాలం నోట్లో కాక ఒంటి మీద ఎక్కడ గుచ్చుకున్నా వెంటనే వదిలేయాలన్న మంచినీటి నియమం దీని విషయంలో పదేపదే అక్కరకొస్తుంది.

కెనై నదిలో అమర్చిన సోనార్ పరికరాలు పైకి వెళ్లే చేపలను లెక్కిస్తాయి. గుడ్లు పెట్టడానికి ఇన్ని చేరాలి అన్నది ముందు లక్ష్యం, మిగిలినవే మనుషుల వాటా. సాకై రోజువారీ పరిమితి మామూలుగా మూడు. రాక జోరుగా ఉంటే మత్స్యశాఖ అత్యవసర ఉత్తర్వుతో ఆరుకు పెంచుతుంది, పలచబడితే వేట మూసేస్తుంది. నిన్నటి అంకె నమ్ముకుని ఇవాళ గాలం వేసినవాడు తప్పుచేసినవాడే అవుతాడు. ఈ పద్ధతి కఠినంగా అనిపించినా న్యాయమైనది, ఎందుకంటే చేప తరఫున మాట్లాడేది ఆ లెక్క ఒక్కటే. దీనికి పునాది రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది: చేపలు ప్రజల ఉమ్మడి సొత్తు, తరగకుండా వాడుకోవాలి. 1959లో అలాస్కా రాష్ట్రమైంది. చేపలను డబ్బాల్లో నింపే క్యానరీ కంపెనీలు సాల్మన్ పట్టడానికి వాడిన బోను వలలకు అప్పుడే కాలం చెల్లింది.

జులై 10 నుంచి 31 దాకా కెనై ముఖద్వారంలో అలాస్కా నివాసులకు మాత్రమే మరో వేట ఉంది. పొడుగాటి పిడి ఉన్న డిప్‌నెట్ వలతో నీళ్లలో నిలబడి సాల్మన్‌ను పడతారు. ఏడాదికి ఇంటి పెద్దకు 25, తక్కిన ఒక్కొక్కరికి 10. పట్టిన వెంటనే తోక రెక్క కొసలు రెండూ కత్తిరించాలి. అలా గుర్తు ఉన్న చేప అమ్మకానికి వెళ్లదు.

కింగ్ పరిస్థితి వేరు. 1985 మే 17న కెనైలో గాలానికి 44 కిలోల కింగ్ పడింది, గాలపు వేటలో ప్రపంచ రికార్డు ఈనాటికీ అదే. ఇప్పుడు ఆ నదిలో కింగ్‌లు తగ్గడమే కాదు, పొట్టివయ్యాయి. అందుకే మత్స్యశాఖ కంటి మధ్య నుంచి తోక చీలిక దాకా 75 సెంటీమీటర్లు మించినవాటినే లక్ష్యం లెక్కలోకి తీసుకుంటోంది. 2023 నుంచి వరుసగా మూడు వేసవులు కింగ్ గాలపు వేట మూతపడింది. ఒడ్డున సాకై కోసం వలలు కట్టి బతికే కుటుంబాలు కూడా, ఆ వలల్లో కింగ్‌లు చిక్కుతాయన్న కారణంతో, 2023లో వలలు వేయలేకపోయాయి. రికార్డు చేపను సోల్డోట్నా పట్టణపు సందర్శకుల కేంద్రంలో భద్రపరిచారు.