యానాము ఒడ్డున నలుగురు కన్యాస్త్రీలు

అమలాపురము నుండి ముమ్మిడివరము, మురమళ్ల మీదుగా ఎదుర్లంక చేరినవారికి గౌతమికి ఆవలి యొడ్డున యానాము కనబడును. ఇప్పుడు వంతెన మీద నిమిషములలో దాటిపోవుచున్నాము గాని 1849లో ఆ యొడ్డు మనకు పరదేశము. ఇవతల కుంపిణీ దొరతనము, అవతల ఫ్రెంచివారి జెండా. ఆ సంవత్సరమున ఆల్ప్సు కొండల చెంతనున్న ఆనెసీ పట్టణము నుండి నలుగురు కన్యాస్త్రీలు యానాము వచ్చి దిగిరి. సూయజ్ కాలువ తెరువబడుటకు అప్పటికింక ఇరువది యేండ్లున్నవి. వీరు పునీత జోసెఫు సోదరీ సంఘమువారు. అదే ఆనెసీ నుండి 1846లో విశాఖపట్టణమునకు వచ్చిన ఫ్రాన్సిస్ డి సేల్సు సభ గురువులు వీరికి ముందు దారి చూపిరి.

బంగారు గనుల పట్టణములలోని కన్యాస్త్రీల కథలు లోకమునకు కొంత తెలిసియున్నవి. కెనడా ఉత్తరపు కొననున్న డాసను పట్టణమునకు 1898లో పునీత అన్న సంఘపు సోదరీమణులు చేరి, జెసూయిట్ గురువు విలియం జడ్జి నెలకొల్పిన ఆసుపత్రిలో రోగులకు పరిచర్య చేసిరి. ఆసుపత్రి ఖర్చులకై గనులున్న వాగుల వెంబడి తిరిగి చందాలు ప్రోగుచేసిరి. బంగారమునకై వేలకొలది జనులు ఎగబడిన చోటికి విలేఖరులును, ఛాయాచిత్రకారులును వెంట వత్తురు. అందుచే అచ్చటి సోదరీమణుల జాడ పత్రికల మూలలలోనైనను దొరకును.

యానామున అట్టి సందడి లేదు. పదేండ్ల క్రిందటనే, 1839 నవంబరులో, ఉప్పెన వచ్చి ప్రక్కనున్న కోరంగి రేవును ముంచివేసినది. ధవళేశ్వరమున 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసినది. ఆ కాలపు గోదావరి కథ చెప్పువారి చూపంతయు, న్యాయముగనే, కాటన్ దొరగారి మీద నిలిచినది. ఆ నడుమ పడవ దిగిన నలుగురు స్త్రీలను ఎవరు గమనింతురు?

వీరిని వెదకబోయినవారికి మొదటి చిక్కు దేశముతోనే వచ్చును. ఫ్రెంచి గడ్డ మీద ఫ్రెంచి మాటాడుచు బ్రతికిన వీరిని ఫ్రెంచి కన్యాస్త్రీలని మేమును మొదట తలచితిమి. కాని ఆనెసీ గల సవాయ్ సీమ ఆనాడు సార్డీనియా రాజుగారి యేలుబడిలో నుండెను. 1860లో గాని అది ఫ్రాన్సులో చేరలేదు. కాగితము మీద వీరు యానామునకు కూడ పరదేశీయులే! రెండవ చిక్కు జోసెఫు పేరుతో వచ్చును. క్లూనీ సోదరీమణులు 1827లోనే పాండిచ్చేరి చేరియున్నారు. వారి సంఘమునకును జోసెఫు పేరే. ఒకరి పనిని మరియొకరి లెక్కలో వ్రాయుట ఎంత సులభమో చెప్పనక్కరలేదు.

మూడవది మరింత కఠినమైనది. మఠములో ప్రవేశించిన స్త్రీ తండ్రి పెట్టిన పేరు విడిచి పునీతుల పేరొకటి ధరించును. ఆమె మరణించిన పిమ్మట ఆ పేరే మరియొక సోదరికి రావచ్చును. పేరును మాత్రమే పట్టుకొని పోయినచో ఇద్దరు స్త్రీలు ఒక్కరగుదురు. ఒక్కొక్కప్పుడు ఒక్కరే ఇద్దరగుదురు.

మఠమునకు వ్రాసిన లేఖలున్నవి గదా యని కొందరందురు. ఉన్నవి గాని వానిని జాగ్రత్తతో చదువవలెను. లియోను పట్టణమున 1822లో పుట్టిన విశ్వాసవ్యాప్తి సంఘము దూరదేశపు లేఖలను తన పత్రికలో అచ్చువేసి, చదివినవారి నుండి చందాలు గోరెడిది. చందాకై అచ్చగు లేఖలో కష్టములు కొంచెము పెరుగును, ఇరుగుపొరుగువారి మంచి కొంచెము తగ్గును. అంతకంటె ఇంటి పద్దుల పుస్తకము నమ్మదగినది. బియ్యము, నూనె, పడవ కూలి, వంటమనిషి జీతము - వీనిలో అతిశయోక్తికి చోటు తక్కువ. కన్యాస్త్రీల ప్రక్కన పని చేసిన తెలుగు స్త్రీలు కనబడు చోటు కూడ అదియే.

అన్నిటికంటె మాకు ఆశ గొల్పునవి మరణముల పట్టికలు. ఫ్రెంచి పౌరస్మృతి 1819లో భారతదేశపు ఫ్రెంచి స్థావరములలో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము మరణ పత్రమున, తెలిసినంతవరకు, చనిపోయినవారి తలిదండ్రుల పేర్లును, పుట్టిన ఊరును వ్రాయవలెను. మఠము తీసివేసిన పేరును సర్కారు గుమాస్తా తిరిగి యిచ్చెనన్నమాట! వలసల పట్టికలకు ప్రతులు తీసి ఫ్రాన్సునకు పంపవలెనని 1776లోనే రాజశాసనము వెలువడినది. తేమకును చెదలకును భయపడియే ఆ యేర్పాటు. 1954లో ఫ్రెంచివారు యానామును విడిచిరి. 1962లో విలీనము చట్టబద్ధమైనది. యానాము పట్టికల ప్రతులు నేటికిని ఎక్స్-ఆన్-ప్రొవాన్సు పట్టణపు భాండాగారమున నున్నవి.

ఆ పౌరస్మృతిలోనే మరియొక నియమము గలదు. మరణమును తెలుపుటకు ఇద్దరు సాక్షులు రావలెను. వీలైనచో దగ్గరి బంధువులు, లేనిచో ఇరుగుపొరుగువారు. సోదరి బంధువులు సముద్రమున కావల నుందురు. యానామున కన్ను మూసిన కన్యాస్త్రీ పక్షమున సాక్ష్యమునకు కచేరికి పోవలసినది ఆ వీధివారే. వారి చేవ్రాలు తెలుగులో నుండవచ్చును, ఆ యింటిపేరు మనమెఱిగినదే కావచ్చును. గౌతమికి ఈవల గాని ఆవల గాని ఫ్రెంచి ముద్రగల పాత కాగితములు పెట్టె అడుగున నున్న గృహస్థులు, వానిని చెదలకు విడుచుటకు ముందు, చివరి పంక్తులలోని సాక్షుల పేర్లను ఒకమారు చదివి చూడవలెనని మా కోరిక.