న్యాయమూర్తి జార్జ్ బోర్క్విన్: యుద్ధకాల మోంటానాలో ఒక తీర్పు, దాని పర్యవసానాలు

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో వాక్‌స్వాతంత్ర్యం గురించిన చర్చ ఎక్కువగా న్యూయార్క్ న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్, సుప్రీంకోర్టు న్యాయమూర్తి హోమ్స్ చుట్టూనే సాగింది. మోంటానా ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి జార్జ్ బోర్క్విన్ ఆ చర్చలో అరుదుగా కనిపిస్తారు. 1863లో పెన్సిల్వేనియాలో జన్మించిన ఆయనను 1912లో అధ్యక్షుడు టాఫ్ట్ ఈ పదవిలో నియమించారు.

1918 జనవరిలో వెస్ హాల్ అనే పశుపోషకుడిపై గూఢచర్య చట్టం కింద మోపిన అభియోగం ఆయన ముందుకు వచ్చింది. జర్మనీ గెలుస్తుందని, సైన్యంలో చేరాల్సివస్తే పారిపోతానని హాల్ అన్నాడు, అధ్యక్షుడిని దూషించాడు. బోర్క్విన్ ఆ మాటలను సమర్థించలేదు. అవి ఎక్కడ పలికినవో చూశారు. ఆష్‌లండ్ అరవై మంది నివసించే పల్లె, రైలు మార్గానికి అరవై మైళ్ల దూరం. వందల మైళ్ల పరిధిలో సైన్యమే లేదు. అలాంటి చోట హోటల్లోనో సారాయి దుకాణంలోనో అన్న మాట సైనిక కార్యకలాపాలకు ఆటంకం కల్పించే ప్రయత్నం ఎలా అవుతుంది? అధ్యక్షుడిని దూషించడం ఫెడరల్ నేరం కాదని కూడా స్పష్టం చేసి, హాల్‌ను నిర్దోషిగా విడుదల చేయించారు.

ఇది హక్కుల సిద్ధాంతం మీద కాక, శాసనంలోని పదాల మీద నిలిచిన తీర్పు. దాని బలమూ బలహీనతా అదే. పదాలు చాలవన్నప్పుడు శాసనకర్తలు పదాలు మార్చగలరు. ఫిబ్రవరిలోనే మోంటానా శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై కఠినమైన రాజద్రోహ చట్టం చేసింది. స్వల్ప మార్పులతో అదే మే నెలలో ఫెడరల్ చట్టమైంది. హాల్ పక్షాన సాక్ష్యమిచ్చిన రాష్ట్ర న్యాయమూర్తి చార్ల్స్ క్రమ్‌ను అభిశంసించి తొలగించారు. జీవితకాల పదవి ఉన్న బోర్క్విన్‌ను మాత్రం రాష్ట్ర శాసనసభ తాకలేకపోయింది. న్యాయస్వాతంత్ర్యాన్ని వ్యక్తిగత ధైర్యంగా మాత్రమే వర్ణించే జీవితచరిత్రలు ఈ తేడాను గమనించాలి.

1920లో ఆయన ముందుకు ఇ. వి. స్టార్ వచ్చాడు. అల్లరిమూక బలవంతం చేసినా జెండాను ముద్దాడనన్నందుకు రాష్ట్ర చట్టం కింద అతనికి పది నుంచి ఇరవై సంవత్సరాల కఠిన శిక్ష పడింది. ఆ శిక్షను, మూకను బోర్క్విన్ తీవ్రంగా గర్హించారు. కాని రాష్ట్ర చట్టం చెల్లుతుందని భావించి విడుదల నిరాకరించారు. ఆ రాజద్రోహ చట్టం కింద శిక్షపడిన 78 మందికి మోంటానా గవర్నర్ క్షమాభిక్ష ప్రకటించింది 2006లో.