రెండంకెల పొదుపు

2000 జనవరి 1న ప్రళయమేదీ రాలేదు. ఆ మర్నాటినుండే "వైటూకే అంతా బూటకం, కోట్లు వృథా" అనే వాదం బయలుదేరింది. అమెరికా ప్రభుత్వపు అనుభవాన్ని పరిశీలిస్తే యీ వాదం నిలవదు.

సమస్యకు మూలం ప్రోగ్రామర్ల అజ్ఞానం కాదు. పంచ్ కార్డుకు వున్నవి 80 గళ్ళే. మెమరీ అమిత ఖరీదు. అందుచేత 1965ను 65గా రాశారు. ఆ రోజుల్లో అది న్యాయమైన పొదుపే. కాని మెమరీ చౌక అయిన తర్వాత కూడా పాత ప్రోగ్రాములనే నడిపించారు. 1970ల్లోనే బాబ్ బీమర్ హెచ్చరించినా వినిపించుకున్నవారు తక్కువ. లాభాల పట్టీలో మరమ్మతుకు చోటెక్కడిది?

1935లో పుట్టిన మనిషి వయస్సు కట్టడానికి యంత్రం 00లోనుండి 35 తీసివేస్తే ఏమవుతుంది? వృద్ధుల పింఛను ఆ లెక్కపైనే ఆధారపడి వున్నది. కనుకనే సోషల్ సెక్యూరిటీ శాఖ 1989లోనే పని ఆరంభించి, కోట్ల పంక్తుల ప్రోగ్రాములను దిద్ది, పరీక్షించింది. చాలా శాఖలు వెనుకబడ్డాయి. 1997లో ప్రభుత్వ తనిఖీ సంస్థ దీన్ని తీవ్ర ప్రమాదాల జాబితాలో చేర్చింది. 1998లో అధ్యక్షుడు క్లింటన్ జాన్ కాస్కినెన్ నాయకత్వాన ఒక మండలిని ఏర్పరచాడు. ఫెడరల్ ప్రభుత్వపు ఖర్చు 800 కోట్ల డాలర్లు దాటింది.

దిద్దనిచోట ఏం జరిగిందో బ్రిటన్ చూపింది. షెఫీల్డులో ఒక ఆసుపత్రి కంప్యూటర్ గర్భిణుల వయస్సు తప్పుగా లెక్కకట్టి, 150 మందికి పైగా స్త్రీలకు తప్పుడు పరీక్షాఫలితాలిచ్చింది. ఇది బూటకమా?

ఇక, దిద్దిన చేతులెవరివి? ప్రభుత్వోద్యోగులతోపాటు కాంట్రాక్టు కార్మికులవి. దేశమంతటా ప్రోగ్రామర్లు చాలక అమెరికా 1998లో హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 65,000 నుండి 1,15,000కు పెంచింది. హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్ నేర్చిన తెలుగు యువకులెందరో ఆ దారినే వెళ్ళి, బ్యాంకుల, కంపెనీల పాత ప్రోగ్రాములను దిద్దారు. అవసరం తీరి, 2001లో మాంద్యం రాగానే వారిలో అనేకుల ఉద్యోగాలు పోయాయి. పొదుపు ఫలితం యజమానులది. దాన్ని దిద్దిన శ్రమకు దక్కింది యిది.

చెరువుగట్టు తెగకుండా రాత్రంతా కాపలా కాసిన నీరటికాణ్ణి, తెల్లవారి "గట్టు తెగలేదు గదా, నీవు చేసిందేమిటి?" అని అడిగినట్లున్నది బూటకవాదం. కాలాన్ని 32 బిట్లలో లెక్కించే పాత యంత్రాలకు 2038 జనవరి 19న మళ్ళీ యిటువంటి గండమే వున్నది. నీరటికాడి శ్రమను గుర్తించని సమాజం గట్టును ఎంతకాలం నిలుపుకోగలదు?