శిక్ష వేసే ముందు వినాల్సిన మాట

1898 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ)లో 367వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షకు తగిన నేరం రుజువైతే ఉరి మామూలు. వేయకపోతేనే, ఎందుకు వేయలేదో జడ్జి తీర్పులో రాయాలి. అంటే ప్రాణం తీయడానికి కారణం అక్కర్లేదు, నిలబెట్టడానికి కావాలి. 1955 సవరణ ఆ నిబంధనను తీసేసింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త సీఆర్‌పీసీ పాత లెక్కను పూర్తిగా తిరగరాసింది. యావజ్జీవం మామూలైంది, ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాల్సి వచ్చింది. నేరం రుజువయ్యాక శిక్ష గురించి ముద్దాయి చెప్పేది విడిగా వినాలన్న 235(2) సెక్షన్ కూడా అప్పుడే వచ్చింది. మన శిక్షల చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదంటాను.

ఆ చట్టం అమలుకు కొద్ది వారాల ముందే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అదే ఈడిగ అనమ్మ కేసు. ఒక మహిళనూ పసిబిడ్డనూ చంపిన నేరానికి ఆమెకు ఉరి పడింది. నేరం ఘోరమైనదే, దాన్ని ఎవరూ కాదనలేదు. అయినా జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె చిన్న వయసును చూశారు. కొడుకుతో సహా అత్తింటి నుంచి వెళ్లగొట్టబడిన ఆమె బతుకును చూశారు. ఉరి భయంతో జైల్లో గడిపిన కాలాన్నీ లెక్కలోకి తీసుకుని యావజ్జీవంగా మార్చారు. నేరంతో పాటు నేరం చేసిన మనిషినీ చూడాలన్న ఆలోచన తీర్పుల్లోకి అంత స్పష్టంగా వచ్చింది ఇక్కడే.

1980లో బచన్‌సింగ్ కేసులో అయిదుగురు జడ్జిల ధర్మాసనం ఉరి రాజ్యాంగబద్ధమేనంది, కానీ అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వేయాలని గిరిగీసింది. జస్టిస్ భగవతి ఒక్కరే విభేదించారు. ఏ బెంచి ముందుకు కేసు పోతుందన్న దాన్ని బట్టి చావుబతుకులు తేలిపోతాయన్నది ఆయన ఆందోళన.

అది ఊహ కాదని హర్బన్స్‌సింగ్ కేసు చూస్తే తెలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒకే కుటుంబానికి చెందిన నలుగురిని చంపినందుకు ముగ్గురికి ఉరి పడింది. నేరం ఒకటే, ముగ్గురి పాత్రా సమానమే. వాళ్లు వేర్వేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఒకరి పిటిషన్‌ను 1976లో కొట్టేశారు. మరొకరి శిక్షను 1977లో యావజ్జీవంగా తగ్గించారు. మూడో వ్యక్తి పిటిషన్‌ను 1978లో కొట్టేశారు. 1981 అక్టోబరు 6న మొదటి వ్యక్తిని ఉరితీశారు. అదే రోజు ఉరికంబం ఎక్కాల్సిన మూడో వ్యక్తి చివరి ఘడియల్లో మళ్లీ కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నాడు. అప్పుడు గానీ కోర్టు ఈ తేడాను పట్టించుకోలేదు. 1982లో కోర్టు అతని శిక్ష తగ్గించాలని రాష్ట్రపతికి సిఫార్సు చేసింది. అప్పటికే పోయిన ప్రాణాన్ని ఏ కోర్టు తేగలదు?

1983లో మిఠూ కేసు తీర్పుతో, యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్పనిసరన్న ఐపీసీ 303వ సెక్షన్ రద్దయింది. అదే ఏడాది మచ్చీసింగ్ తీర్పు నేరాలను అయిదు రకాలుగా విడదీయడంతో చూపు మళ్లీ మనిషి నుంచి నేరం వైపు జరిగింది. నేరాన్నే చూడాలి, నేరస్థుణ్ని కాదన్న రావ్‌జీ తీర్పు ఆ దారిలో ఇంకా ముందుకు పోయింది. ఆ ముద్దాయిని 1996లో ఉరితీశారు. ఆ తీర్పు బచన్‌సింగ్‌కు విరుద్ధమని సుప్రీంకోర్టే ఒప్పుకున్నది 2009లో.

2019లో వరంగల్‌లో పసిపాపపై జరిగిన దారుణంలో నేరం జరిగిన రెండు నెలల్లోపే కింది కోర్టు ఉరి వేసింది. జనం హర్షించారు. ఆ కోపం న్యాయమైనదే. హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుశిక్షగా మార్చింది. వేగం మంచిదే. కానీ నేరం రుజువైందని పొద్దున చెప్పి సాయంత్రానికి ఉరి ఖరారు చేస్తే, లీగల్ ఎయిడ్ లాయరు ముద్దాయి బాల్యం గురించి, చదువు గురించి, మానసిక స్థితి గురించి ఎప్పుడు కనుక్కోవాలి? ఎవరిని అడగాలి?

2022 మే నెలలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఇందుకు దారి చూపింది. జైలు ప్రవర్తన నివేదిక, మానసిక నిపుణుల నివేదిక, కుటుంబ నేపథ్యం ఇవన్నీ విచారణ దశలోనే సేకరించాలంది. అదే ఏడాది సెప్టెంబరులో, శిక్షపై వాదనకు ఎంత గడువివ్వాలన్న ప్రశ్నను అయిదుగురు జడ్జిల ధర్మాసనానికి నివేదించింది. ఆ తీర్పు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. రుజువుకూ శిక్షకూ మధ్య తగినన్ని రోజులు ఇచ్చే అధికారం ఇవాళ కూడా సెషన్స్ జడ్జి చేతిలో ఉంది. ఉరి కోరే ప్రతి కేసులోనూ ఆ గడువు ఇచ్చి తీరాలి.