భట్లపెనుమర్రు సైనికుడు

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ జాతీయ పతాక తీర్మానం పెట్టారు. ఆ సభలో బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య సభ్యుడు. ఆ జెండాకు పాతికేళ్ల ముందే తొలిరూపు గీసిన మరో బందరు ప్రాంతం మనిషికి మాత్రం అక్కడే కాదు, ఏ చట్టసభలోనూ ఎన్నడూ కుర్చీ లేదు.

పింగళి వెంకయ్య 1876 ఆగస్టు 2న ఇప్పటి మొవ్వ మండలంలోని భట్లపెనుమర్రులో పుట్టారు. పంతొమ్మిదో ఏట పటాలంలో చేరారని జీవిత చరిత్రలు చెబుతాయి. బోయర్ యుద్ధం (1899–1902) ఆయన్ని దక్షిణాఫ్రికాకు తీసుకెళ్లింది. ఆ యుద్ధంలో గాంధీ భారతీయ అంబులెన్స్ దళాన్ని నడిపారు. ఇద్దరికీ పరిచయం అక్కడే అంటారు.

అంతకు ఓ తరం ముందటి అమెరికా సైనికుల సంగతి వేరు. అంతర్యుద్ధం ముగించుకొచ్చిన సైనికులు 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు తీసుకుని పడమటి మైదానాల్లో కాపురం పెట్టారు. పటాలంలో గడిపిన కాలాన్ని భూమిహక్కు గడువులో కలుపుకునే వెసులుబాటు కూడా 1872లో వచ్చింది. వాళ్లలో కొందరు అక్కడి ఓట్లతోనే రాష్ట్ర శాసనసభలకు వెళ్లారు. తెల్లదొరల తరఫున పోరాడి వచ్చిన తెలుగు సైనికుడికి అలాంటి దారి ఎక్కడిది?

వెంకయ్యకూ సేద్యం మీద మనసుంది, కానీ అది ఇంకొకరి నేల. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా పాలన మాత్రం కృష్ణా జిల్లాది అయిన మునగాల సంస్థానంలో, రాజా నాయని వెంకటరంగారావు అండతో కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేశారు. 'పత్తి వెంకయ్య' అయ్యారు. జపాను భాష నేర్చి 'జపాన్ వెంకయ్య', వజ్రాల కోసం భూగర్భం చదివి 'డైమండ్ వెంకయ్య' కూడా అయ్యారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఇంత మనిషిని మనం ఒక్క జెండాలో చుట్టేశాం.

ఆ జెండా కథలోనూ మనకు నచ్చినట్టు దిద్దుకున్న ముక్క ఒకటుంది. 1916లో వెంకయ్య జాతీయ పతాకం మీద ముప్పై నమూనాలతో ఒక పుస్తకం వేశారు. కాంగ్రెస్ నాయకుల వెంట ఏళ్ల తరబడి తిరిగారు. ఆయన పట్టుదల మెచ్చినా, ఆ నమూనాల్లో జాతిని కదిలించేది ఏదీ కనబడలేదని గాంధీయే 1921 ఏప్రిల్ 13 నాటి 'యంగ్ ఇండియా'లో రాశారు. రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు, ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నం ఉండేలా గీసివ్వమని గాంధీ అడిగారు. వెంకయ్య మూడు గంటల్లో ఇచ్చేశారు!

అయినా కమిటీ ముందుకు వెళ్లడానికి కాస్త ఆలస్యమైంది. కాబట్టి ఆ జెండాను బెజవాడలో కాంగ్రెస్ ఆమోదించిందన్న మాట నిలవదు. ఆలస్యమైనందుకు తనకు సంతోషమేననీ గాంధీ రాశారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు; ఆలోచించగా మిగతా మతాలకూ చోటుండాలనిపించి తెలుపు చేర్చమన్నారు. సంఖ్యలో తక్కువవారిదే ముందు స్థానం కావాలని తెలుపు పైన, ఆకుపచ్చ మధ్యన, ఎరుపు అడుగున పెట్టించారు.

1931లో పట్టాభి కూడా ఉన్న ఏడుగురి కమిటీ మొత్తం కాషాయం జెండా సూచిస్తే కాంగ్రెస్ కాదంది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చలను ఎంచుకుంది. 1947లో రాట్నం స్థానంలోకి అశోకచక్రం వచ్చింది. పట్టాభి తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరయ్యారు.

వెంకయ్యకు పటాలం కొలువు తెచ్చిపెట్టింది విజయవాడ చిట్టినగరులో కొద్దిపాటి జాగా అని జీవిత చరిత్రకారులు రాస్తారు. అందులో గుడిసె వేసుకుని ఉన్నారు. 1963 జూలై 4న కన్నుమూశారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది 2009లో.