భూగర్భజల కాలుష్య గమన నమూనా

భూగర్భజలాల్లో కలిసిన కాలుష్యం ఎటు, ఎంత వేగంగా, ఎంత గాఢతతో పోతుందో లెక్కగట్టే గణిత పద్ధతి. 1856లో ఫ్రెంచ్ ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక గొట్టంలో నీరు పారించి తేల్చిన సూత్రమే దీనికి పునాది. నీటితో కొట్టుకుపోవడం, రేణువుల సందుల్లో చెదిరిపోవడం, మట్టికి అంటుకోవడం, విచ్ఛిన్నం కావడం అన్నీ ఒకే సమీకరణంలో చేరతాయి.

ఈ గమనాన్ని నేలలోనే కొలిచేందుకు కెనడాలోని బోర్డెన్‌లో 1982లో క్లోరైడు, కార్బన్ టెట్రాక్లోరైడు వంటివి కలిపిన సుమారు 12 ఘనపు మీటర్ల ద్రావణాన్ని ఇసుక పొరలోకి ఎక్కించి, ఏళ్ల తరబడి నీటి నమూనాలు తీశారు. క్లోరైడు నీటితోపాటే రోజుకు దాదాపు 9 సెంటీమీటర్లు సాగింది. కార్బన్ టెట్రాక్లోరైడు వంటివి ఇసుకకు అతుక్కుంటూ వెనకబడ్డాయి. లెక్కలను సరిచూసుకోవడానికి ఇంత చక్కని కొలతలు అరుదు. తెలంగాణలోని గ్రానైటు నేలల్లో నీరు పగుళ్ల వెంట పోతుంది కాబట్టి ఈ ఇసుక లెక్కలు యథాతథంగా పనికిరావు. పక్క పొలంలో బోరు గట్టిగా తోడినా కాలుష్యం దారి మళ్లవచ్చు.